నేవీ ఇంటెలిజెన్స్‌కు విడిగా నోటిఫికేషన్ రాదు

ప్రశ్న: మాది పుత్తూరు. అమ్మాయి తిరుపతిలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. నేవీ ఇంటెలిజెన్స్‌లో పెద్ద ఆఫీసర్ అవుతానని పట్టుబట్టింది. దానికి ఏ కోర్సు చదివించాలి? తెలిసినాయన ఒకరు డిగ్రీ కాగానే నేవల్ ఇంటెలిజెన్స్‌లో నేరుగా పోస్టు ఇప్పిస్తానని, ఇప్పుడే నాలుగు లక్షలు కట్టమని అంటున్నారు. ఆడపిల్లల్ని తీసుకుంటారా? అమ్మాయికి కళ్లద్దాలున్నాయి. చిన్నప్పుడు మోచెయ్యి విరిగితే మా ఊళ్లోనే కట్టు కట్టించాం. అది అడ్డమవుతుందా? జీతం ఎలా ఉంటుంది?

జవాబు: ముందు ఆ నాలుగు లక్షల సంగతి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నేవీ ఆఫీసర్ల నోటిఫికేషన్ తెరిచి చూస్తే ఎగ్జిక్యూటివ్, ఇంజినీరింగ్, ఎలక్ట్రికల్, ఎడ్యుకేషన్, లాజిస్టిక్స్ అని కనిపిస్తాయి. ఇంటెలిజెన్స్ అనే గడి అందులో ఉండదు. లేని గడిలో పోస్టు ఇప్పిస్తానంటున్నారంటే ఆయనకు విషయం తెలియకపోయి ఉండాలి, లేదా మరీ ఎక్కువ తెలిసి ఉండాలి. దీనికంటూ ప్రత్యేకమైన కోర్సు కూడా లేదు. మీ అమ్మాయి ముందు నేవీ ఆఫీసర్ కావాలి, ఓడ మీద పని నేర్చుకోవాలి. నిఘా పని ఆ తర్వాత, కొన్నేళ్ల సర్వీసు పడ్డాక, ఆమె పనితీరు చూసి పైవాళ్లు అప్పగించేది.

సముద్రం తెలియని వాళ్లకు నౌకాదళ నిఘా చేతకాదు. కారణం ఒక ఉదాహరణతో చెబితే మీకూ, అమ్మాయికీ తేలిగ్గా అర్థమవుతుంది.

అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నులు, ఆపైన ఉన్న ప్రతి వాణిజ్య నౌకలోనూ ఏఐఎస్ అనే పరికరం ఉండాలి. నౌక పేరు, స్థానం, వేగం, దిశ అది రేడియోలో ప్రసారం చేస్తూ ఉంటుంది. నిఘా డెస్క్ దగ్గర కూర్చున్న జూనియర్ ఆఫీసర్ తెర మీద ఒక నౌకను చూసిందనుకుందాం. ఐఎంఓ నంబరు, అంటే ప్రతి నౌకకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, 9074729 అని ఉంది. ఏడంకెల ఈ నంబరులో చివరి అంకె తనిఖీ కోసం పెట్టింది. మొదటి ఆరు అంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడాలి. 63, 0, 35, 16, 21, 4. మొత్తం 139. చివరన 9 వచ్చింది, నంబరు చివర ఉన్నదీ 9. అంటే నంబరు రాయడంలో తప్పు లేదు. 9074739 అని ఉంటే మొత్తం 141 వచ్చేది, 1కీ 9కీ పొసగదు కాబట్టి ఎవరో తప్పు కొట్టారని, లేదా కావాలనే మార్చారని అనుమానించాలి. అయితే ఈ లెక్క అంకెలు సరిగా ఉన్నాయని మాత్రమే చెబుతుంది, ఆ నౌక అదేనని చెప్పదు. ఎప్పుడో తుక్కుకు పోయిన నౌక నంబరు పెట్టుకుని తిరిగేవి ఉంటాయి. వాటి లెక్కా ఇలాగే సరిగ్గా కుదురుతుంది.

ఇప్పుడు ఆ నౌక పది గంటలపాటు తెర మీద కనిపించలేదనుకుందాం. దాని మామూలు వేగం 12 నాట్లు, అంటే గంటకు 12 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. పది గంటల్లో 120 మైళ్లు పోవాల్సింది, మళ్లీ కనిపించేసరికి 35 మైళ్ల దూరంలోనే ఉంది. ఆ దూరానికి మూడు గంటలు చాలు. మిగతా ఏడు గంటలు ఏం చేసింది? కొత్తగా వచ్చినవాళ్లు వెంటనే ‘నడిసముద్రంలో సరుకు మార్చుకుంది’ అని రాసేస్తారు. ఓడ మీద పని చేసినవాళ్లు అంత తొందరపడరు. రేవులో బెర్తు ఖాళీ లేక ఇంజిన్ ఆపి తేలుతూ ఉండొచ్చు. ఇంజిన్ చెడిపోయి ఉండొచ్చు. నౌకలు కిక్కిరిసిన చోట ఉపగ్రహానికి సంకేతాలు సరిగా అంది ఉండకపోవచ్చు. దొంగల భయమున్న నీళ్లలో కెప్టెనే ఏఐఎస్‌ను ఆపేసి ఉండొచ్చు. ఇవన్నీ ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చాక మిగిలిందే అనుమానం. పుస్తకం చదివితే ఈ జాబితా వస్తుంది. ఏది ముందు కొట్టేయాలో మాత్రం రాత్రిపూట నాలుగేసి గంటలు బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపించే గదిలో, వాచ్ చేస్తేనే తెలుస్తుంది. ఇక మన మత్స్యకారుల చిన్న పడవల్లో చాలావాటికి ఏఐఎస్ ఉండదు. 2008 నవంబరులో ముంబై మీద దాడి చేసినవాళ్లు వచ్చింది దారిలో పట్టుకున్న కుబేర్ అనే చేపల పడవలోనే. అందుకే తీరంలో జాలరి చెప్పే మాటకు కూడా నిఘా ఫైల్లో చోటుంటుంది.

విన్న మాటను ఫైల్లోకి ఎక్కించడానికీ ఒక పద్ధతుంది. సమాచారం ఇచ్చినవాళ్ల నమ్మకానికి ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరం, సమాచారం నిజమయ్యే అవకాశానికి 1 నుంచి 6 దాకా అంకె వేస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ నౌకాదళ నిఘా విభాగం నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఆ విభాగానికి అప్పట్లో అధిపతిగా ఉన్న జాన్ గాడ్‌ఫ్రే 1943 నుంచి 1946 దాకా మన రాయల్ ఇండియన్ నేవీకే అధిపతిగా ఉన్నారు. బీ2 అంటే మామూలుగా నమ్మదగిన మనిషి, బహుశా నిజమే అయిన మాట. ఎక్కువమంది బోల్తా పడేది ఎఫ్6 దగ్గర. అది అబద్ధమని అర్థం కాదు. ఆ మనిషి ఎలాంటివాడో, మాట ఎంత నిజమో తేల్చడానికి ఇంకా ఆధారం లేదని అర్థం. ఎఫ్6ను చెత్తబుట్టలో వేసే ఆఫీసరూ, బీ2ను కళ్లు మూసుకుని నమ్మే ఆఫీసరూ ఇద్దరూ ప్రమాదమే. అంకెనూ అక్షరాన్నీ విడివిడిగా వేయాలన్నది ఇందుకే: మంచివాడు కూడా పొరపాటున తప్పు చెప్పొచ్చు, అబద్ధాలకోరు నోట కూడా ఒకరోజు నిజం రావచ్చు.

పని ఇలాంటిది. తుపాకీ పట్టుకుని మారువేషంలో తిరగడం అమ్మాయి మనసులో ఉంటే ఇప్పుడే చెప్పేయండి. సీనియర్ అయ్యేకొద్దీ ఇది చదవడం, తూచడం, అర పేజీలో రాయడం, అడ్మిరల్ ముందు నిలబడి ‘ఇంతవరకు తెలుసు, ఇక్కడినుంచి ఊహ’ అని గీత గీసి చెప్పడం. వ్యాసాలంటే భయపడే పిల్లలకు ఇది నరకం.

ఇక దారి. ఇంటర్ ఎంపీసీ వాళ్లకు ఉన్న తిన్నని దారి ఎన్‌డీఏ, అంటే మూడు దళాల ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ. యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు, సాధారణంగా ఏప్రిల్‌లో, సెప్టెంబరులో పరీక్ష పెడుతుంది. మొదటి సంవత్సరం వాళ్లు రాయడానికి లేదు. రెండో సంవత్సరంలో ఉన్నవాళ్లు, పూర్తి చేసినవాళ్లు రాయొచ్చు. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య. నేవీకి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి, కాబట్టి బైపీసీ పిల్లలకు ఈ తలుపు లేదు. పెళ్లి కాకూడదు. ఆడపిల్లలకు దరఖాస్తు ఫీజు లేదు. తిరుపతిలోనే పరీక్షా కేంద్రం ఉంది, కానీ కేంద్రాలు ముందు వచ్చినవాళ్లకు ముందు అన్న లెక్కన నిండుతాయి. చివరి రోజు దాకా ఆగితే అమ్మాయిని రాత్రి బస్సెక్కించి వేరే ఊరు తీసుకెళ్లాల్సి రావచ్చు.

మ్యాథ్స్ పేపరు 300 మార్కులు, 120 ప్రశ్నలు. జనరల్ ఎబిలిటీ పేపరు 600 మార్కులు, 150 ప్రశ్నలు. ఒక్కోటి రెండున్నర గంటలు. తప్పుకు మూడో వంతు కోత. మన కార్పొరేట్ కాలేజీల పిల్లలు మ్యాథ్స్‌లో బాగానే లాగుతారు. దెబ్బ తినేది రెండో పేపర్లో. అందులో ఇంగ్లిష్ 200 మార్కులు, మిగతా 400లో చరిత్ర, భూగోళం, వర్తమాన వ్యవహారాలు కలిసి సగం. రెండేళ్లుగా ఐఐటీ మెటీరియల్ తప్ప ఇంకేదీ ముట్టని పిల్లలకు మలక్కా జలసంధి ఎక్కడుందో తెలియదు. రాత పరీక్ష కటాఫ్ ఇటీవలి ఏళ్లలో 900కు 300 చుట్టూ తిరుగుతోంది. చూడ్డానికి చిన్నదే, కానీ గుడ్డిగా గడులు నింపితే కోతలో పోతుంది. ఒక్కో నోటిఫికేషన్‌లో నేవీకి 42 సీట్ల దాకా ఉంటాయి, వాటిలో ఆడపిల్లలకు కేటాయించేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇది కష్టమైన పోటీ, ఆ సంగతి అమ్మాయికి తెలిసే ఉండాలి.

రెండో దారి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో 10+2 బీటెక్ క్యాడెట్ ఎంట్రీ. ఇంటర్ ఎంపీసీ సబ్జెక్టుల్లో 70 శాతం, పదిలోనో ఇంటర్‌లోనో ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి. విడిగా రాత పరీక్ష లేదు. ర్యాంకు చూసి నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు ఇంటర్వ్యూకు, పిలుస్తారు. ఎంపికైతే కేరళలోని ఎజిమల నేవల్ అకాడమీలో నాలుగేళ్ల బీటెక్, ఖర్చు నేవీదే. దీనికి ఈఏపీసెట్ ర్యాంకు పనికిరాదు. ఎలాగూ జేఈఈ రాస్తుంది కాబట్టి ఈ దరఖాస్తు పెట్టకపోవడం తెలివితక్కువ. రెండింటికీ ఆడపిల్లలు అర్హులే. ఎన్‌డీఏలో చేరిన మొదటి మహిళా బ్యాచ్ నుంచి 17 మంది 2025 మేలో పాసై బయటికొచ్చారు.

ఈ రెండూ తప్పినా బీటెక్ తర్వాత షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే కొన్నేళ్ల గడువుతో ఇచ్చే ఆఫీసర్ ఉద్యోగం, ఉంది. డిగ్రీలో 60 శాతంతో పాటు పదిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లిష్‌లో 60 శాతం అడుగుతారు. బీటెక్‌లో 85 శాతం తెచ్చుకుని, ఇంటర్ ఇంగ్లిష్‌ను ‘పాసైతే చాలు’ అని వదిలేసినందుకు ఇక్కడ ఆగిపోయేవాళ్లుంటారు. కంప్యూటర్ సైన్స్, సైబర్ సెక్యూరిటీ చదివినవాళ్లకు ఐటీ ఎంట్రీ కూడా వస్తుంటుంది. నేవీలో మహిళలకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యే దాకా సర్వీసు, ఇవ్వాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, 2023లో ఒక మహిళా ఆఫీసరు ఐఎన్‌ఎస్ ట్రింకట్ అనే యుద్ధనౌకకు కమాండింగ్ ఆఫీసర్‌గా ఎంపికయ్యారు. కాబట్టి ‘ఆడపిల్లలకు డెస్కు పనే ఇస్తారట’ అనే మాట పాతబడింది.

దారి ఏదైనా ఎస్‌ఎస్‌బీ తప్పదు, అది ఐదు రోజులు. మీకు దగ్గర బెంగళూరు. పిలుపు ఎక్కడికైనా రావచ్చు, విశాఖ, కోయంబత్తూరు, భోపాల్, కోల్‌కతా కూడా ఉన్నాయి. మొదటి రోజు ఒక మసక బొమ్మ 30 సెకన్లు చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు, తర్వాత గుంపులో చర్చ. వచ్చినవాళ్లలో పెద్ద భాగం ఆ సాయంత్రమే తిరుగు రైలెక్కుతారు. ఎందుకంటే చర్చ మొదలవగానే అందరూ ఒకేసారి అరుస్తారు, లేదా మన పిల్లల్లా ఇంగ్లిష్ తడబడుతుందని నోరు మూసుకుంటారు. వ్యాకరణం కొంచెం అటూఇటూ అయినా ఫరవాలేదు, మాట వినపడాలి, ఎదుటివాళ్ల మాట వినాలి. తర్వాతి రోజుల్లో 60 పదాలు, ఒక్కోదానికి 15 సెకన్లు, చూసిన వెంటనే వాక్యం రాయాలి. కోచింగ్‌లో బట్టీపట్టించిన వాక్యాలు అక్కడ రాస్తే నష్టమే. అవే వాక్యాలు వందమంది పేపర్లలో చూసిన సైకాలజిస్టు ఆ పేపర్లో పిల్లను వెతుక్కోలేడు.

ఇప్పుడు మోచెయ్యి. మీ ఊరి కట్టు దేశమంతా తెలిసినదే, దాని మంచిచెడ్డల జోలికి నేను పోను. మెడికల్ బోర్డు చూసేది వేరే. చెయ్యి పూర్తిగా చాచితే తిన్నగా వస్తుందా, పూర్తిగా మడుస్తుందా, చాచినప్పుడు మోచేతి దగ్గర బయటికి ఎంత వంకర ఉంది? చిన్నప్పటి మోచేతి విరుపు కొంచెం వంకరగా అతుక్కుంటే ఈ కోణం పెరుగుతుంది లేదా లోపలికి తిరుగుతుంది. రోజూ ఇబ్బంది లేకపోవడంతో ఇంట్లో ఎవరూ గమనించరు. అప్పటి ఎక్స్‌రేలు మీ దగ్గర ఉండవు కాబట్టి ఇప్పుడే రుయాలోనో స్విమ్స్‌లోనో ఎముకల డాక్టరుకు రెండు చేతులూ పక్కపక్కన చూపించండి, ముందు నుంచి, పక్క నుంచి ఎక్స్‌రే తీయించి కోణం కొలిచి కాగితం మీద రాయమనండి. సంగతేదైనా రెండేళ్ల చదువు తర్వాత కాకుండా ఇప్పుడే తెలుస్తుంది.

కళ్ల విషయంలో అద్దాలతో 6/6 కనిపించడం ఒక్కటే సరిపోదు. అద్దాలు తీసేస్తే ఎంత కనిపిస్తుందన్న దానికీ హద్దుంది, అది ఒక్కో ఎంట్రీకి ఒక్కో రకం. నోటిఫికేషన్ చివర ఇచ్చే వైద్య ప్రమాణాల అనుబంధంలో ఉంటుంది, అమ్మాయి దరఖాస్తు పెట్టే ఎంట్రీదే చూడండి. రంగుల గుర్తింపు పరీక్ష కూడా చేయించండి. ఓడల దీపాల్లో ఎరుపు ఎడమ, ఆకుపచ్చ కుడి, వాటిని చూసి ఎదుటి ఓడ ఎటు పోతోందో చెప్పాలి కాబట్టి ఇందులో రాజీ ఉండదు. ‘లేజర్ చేయించేస్తే పోతుంది కదా’ అనుకోకండి. 20 ఏళ్లలోపు చేయించిన లేజర్ చికిత్సను నేవీ ఒప్పుకోదు. తొందరపడితే అద్దాలతోనే నిలిచే అవకాశం కూడా పోతుంది. ఒకవేళ అన్‌ఫిట్ అన్నా అప్పీలు మెడికల్ బోర్డు ఉంది, గడువు అక్కడిచ్చే కాగితంలో రాస్తారు, దాన్ని దాటనివ్వకండి.

చేరాక ఎన్‌డీఏ అయితే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఎజిమలలో ఏడాది, ఆపైన ఓడల మీద శిక్షణ. అక్కడ బ్రిడ్జ్ వాచ్‌కీపింగ్ టికెట్, అంటే బ్రిడ్జి మీద సొంతంగా వాచ్ చేసే అర్హత, సంపాదించాలి. ఓడలు నడిపే ఎగ్జిక్యూటివ్ బ్రాంచ్‌లో కొన్నేళ్లకు స్పెషలైజేషన్ వస్తుంది. నిఘా వైపు మనసున్నవాళ్లకు కమ్యూనికేషన్, ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ దగ్గరి దారి, కొచ్చిలోని సిగ్నల్ స్కూల్‌లో నేర్పుతారు. విమానాల వైపు పోతే సముద్రంపై గస్తీ తిరిగే పీ-8ఐ ఉంది. దాని ముఖ్య స్థావరం మీకు తెలియని చోటేం కాదు, మీ పుత్తూరు మీదుగా పోయే రైల్వే లైన్లో ఉన్న అరక్కోణమే. ఐఎన్‌ఎస్ రాజాలి అనే ఆ స్థావరం అక్కడ 1992 నుంచి ఉంది. మూడు దళాల నిఘా సిబ్బందికి పుణెలో మిలిటరీ ఇంటెలిజెన్స్ శిక్షణ పాఠశాల ఉంది. ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ఫారిన్ లాంగ్వేజెస్‌లో చైనీస్, అరబిక్, పర్షియన్, సింహళం, బర్మీస్ లాంటివి నేర్పుతారు. ఒక భాష గట్టిగా వచ్చిన ఆఫీసరును నిఘా విభాగం సులువుగా వదలదు. సముద్ర సమాచారమంతా వచ్చి చేరేది గురుగ్రామ్‌లోని ఐమాక్ అనే నేవీ సమాచార విశ్లేషణ కేంద్రానికి, దాని ఆవరణలోనే 2018 డిసెంబరులో హిందూ మహాసముద్ర దేశాలతో సమాచారం పంచుకునే ఫ్యూజన్ సెంటర్ మొదలైంది.

పైకి వెళ్లే మెట్లు ఇవి. కమాండర్ హోదా 13 ఏళ్ల సర్వీసుకు కాలం ప్రకారం వస్తుంది. కెప్టెన్ నుంచి సెలక్షన్ బోర్డు, అంటే తోటివాళ్లతో పోటీ. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. డెస్కు పని నచ్చి, ఢిల్లీ వదలక, సముద్రం మీద చేయాల్సిన ఏళ్లు తప్పించుకున్న ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు బోర్డు ముందు వెనకబడిపోతారు. ఎంత మంచి విశ్లేషకులైనా అంతే. నౌకాదళ కేంద్ర కార్యాలయంలో నిఘా విభాగాన్ని చూసే ప్రిన్సిపల్ డైరెక్టర్ హోదా కమోడోర్. ఆ పైన విదేశీ సహకారం, ఇంటెలిజెన్స్ రెండూ కలిపి చూసే అసిస్టెంట్ చీఫ్ హోదా రియర్ అడ్మిరల్. మూడు దళాలకూ కలిపి 2002లో ఏర్పడిన డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీలోనూ, రాయబార కార్యాలయాల్లో నేవల్ అటాషేలుగానూ, అంటే నేవీ ప్రతినిధులుగానూ, పోస్టులుంటాయి. అక్కడిదాకా చేరేసరికి ఇరవై ఐదు ముప్పై ఏళ్లు. మీ అమ్మాయి ‘పెద్ద ఆఫీసర్’ అన్నప్పుడు చెబుతున్నది ఆ దూరం గురించి.

జీతం ఏడో వేతన సంఘం లెక్కన సబ్ లెఫ్టినెంట్‌కు మూలవేతనం 56,100తో మొదలు, కమాండర్‌కు 1,21,200, కమోడోర్‌కు 1,39,600. కమోడోర్ దాకా నెలకు 15,500 మిలిటరీ సర్వీస్ పే, దాని పైన డీఏ, ఇతర భత్యాలు. నిఘాలో ఉన్నందుకు జీతం వేరే ఉండదు.

ఒక్క విషయం మాత్రం ఈ రోజు నుంచే మొదలుపెట్టించండి. ఫోన్. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ ‘డాల్ఫిన్స్ నోస్’ పేరుతో చేసిన ఆపరేషన్‌లో రహస్యాలు బయటికి చేరవేశారన్న ఆరోపణపై ఏడుగురు నేవీ సిబ్బంది అరెస్టయ్యారు. వల పడింది ఫేస్‌బుక్‌లోని నకిలీ స్నేహాలతో. ఆ నెలాఖరుకే నేవీ ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. శిక్షణలో చేరే ముందు పూర్వాపరాల తనిఖీ జరుగుతుంది, మీ స్టేషను నుంచి కానిస్టేబుల్ ఇంటికొస్తాడు. ఫారంలో అడిగినవన్నీ నిజం రాయాలి. బంధువుల గొడవలో పేరు ఇరికిన చిన్న కేసైనా ఉంటే రాయండి. చిన్న కేసు కంటే దాన్ని దాచడం పెద్ద తప్పుగా లెక్కేస్తారు.

ఈ నెలలో మీరు చేయాల్సింది ఎక్స్‌రే, కళ్ల పరీక్ష, ఇంకొకటి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుండి, ఆధార్‌లో వెనకుండి, ఇంటర్‌లో ఒట్టి ఇనీషియల్ ఉండడం మన దగ్గర మామూలే. యూపీఎస్‌సీ ఫారంలో పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయాలి, మిగతావి దానికి సరిపోవాలి. ఆధార్ మార్చడం తేలిక, మెమో మార్చడం కష్టం. కాబట్టి మెమో చేతిలో పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లండి.